ఎనిమిదో నంబరు ఫారం

బహియా బ్లాంకాలో గాలికి పనివేళలుండవు.
రిజిస్ట్రీ ఆఫీసు తలుపు తెరుచుకున్నప్పుడల్లా
వరసలో ఉన్నవాళ్ళందరం
కాగితాల మీద అరచేతులు ఆనిస్తాం,
పసిపిల్లల్ని జోకొడుతున్నట్టు.

బండి ఎనభై తొమ్మిది నాటి రెనో.
పుస్తకంలో రంగు 'లేత గోధుమ' అని ఉంది.
ఉప్పుగాలి తిన్నాక ఇప్పుడది ఏ రంగో
ప్రమాణం చేసి చెప్పలేను.
కొనేవాడు లౌతారో, రొట్టెల బట్టీ కుర్రాడు,
గోళ్ళ సందుల్లో పిండి.
బేరం అయిదు నిమిషాల్లో తెగింది.
కాగితాలకి మూడు వారాలు.

మొదట పోలీసు తనిఖీ.
బానెట్ ఎత్తి, గుడ్డతో తుడిచి,
టార్చి వేసి ఇంజిన్ నంబరు చదివాడొకడు.
ఇంకొకడు రాసుకున్నాడు.
పదిహేడేళ్ళు నడిపాను,
దానికి ఒంటి మీద అంకెలున్నాయని నాకు తెలీదు.
చివరి అంకెని తుప్పు కొరికింది.
"మూడా, ఎనిమిదా?" అని ఇద్దరూ వంగి చూస్తుంటే
నా పళ్ళే ఎవరో లెక్కపెడుతున్నట్టు
నోరు గట్టిగా మూసుకున్నాను.

తర్వాత, జరిమానాలేవీ బాకీ లేవని చీటీ.
ఒకటి ఉంది.
రెండువేల పంతొమ్మిది, జూలై, ఆస్పత్రి గేటు ముందు
అడ్డంగా నిలిపినందుకు.
ఆ రాత్రి ఎవరిని దింపానో
రాయడానికి గడి లేదు.
కట్టేశాను.

అప్పుడొచ్చింది ఎనిమిదో నంబరు ఫారం.
అందులో 'అమ్మేవారి జీవిత భాగస్వామి సమ్మతి' అని ఒక గీత,
దాని పక్కన ఖాళీ.
అన్సెల్మో ఇల్లు విడిచి పదకొండేళ్ళు.
విడాకుల దాకా వెళ్ళలేదు మేం.
తీరిక లేక అంటాడతను, ఖర్చని నేనంటాను.
నోటరీ కళ్ళజోడు మీంచి చూసింది:
"చట్టం దృష్టిలో సగం బండి ఆయనది, సెన్యోరా."
ఏ సగం? అని నోటిదాకా వచ్చింది.
వానలో నేను తోసిన సగమా?

గురువారం వచ్చాడు, పుంతా ఆల్తా బస్సులో.
జుట్టు పలచబడింది. కోటు నేను కొన్నది కాదు.
పెన్ను తెచ్చుకోలేదు, అలవాటే.
నాది ఇచ్చాను.
మొదటి సంతకం గడి దాటి పోయింది.
కొట్టివేతలు కుదరవంది నోటరీ.
కొత్త ఫారం, మళ్ళీ రుసుము, మళ్ళీ వరస.
రెండోసారి నాలుక పంటి కింద పెట్టుకుని
బడిపిల్లాడిలా దిద్దాడు.

"ఎడమ కిటికీ అద్దం ఇంకా సగంలో ఆగిపోతుందా?"
"చెక్కముక్క పెట్టాను."
"మంచి పని."

ఇంకో కాగితం మిగిలింది.
అమ్మకపు ఫిర్యాదు అంటారిక్కడ,
పేరే అంత, తగవేం లేదు.
ఫలానా రోజు, ఫలానా వేళ నుంచి
ఈ బండి ఎవర్ని గుద్దినా, ఏ దారిలో చచ్చినా,
ఎవరు ఎక్కినా, ఎవరు దిగినా
నాకు సంబంధం లేదని రాసివ్వడం.
ఎంత హాయి కాగితం!
మనుషులకీ ఒకటి అచ్చు వేయించి ఉంటే
వరసలో ముందు నేనే నిలబడేదాన్ని
అనుకుంటూ అన్సెల్మో వైపు చూశాను.
అతను గోడ మీది రుసుముల పట్టిక
కింద నుంచి పైకి చదువుతున్నాడు.
వేళ గడిలో నాలుగూ ఇరవై అని రాశాను.

బయట లౌతారో చేతిలో తాళాలు పెట్టి
ఏ ఫారంలోనూ లేనివి గబగబా చెప్పాను:
చలిలో చోక్ రెండు వేళ్ళంత లాగు,
ముప్పై దాకా లెక్కపెట్టు.
రెండో గేరు బతిమాలితే గాని పడదు, తిట్టకు.
తలూపాడు.
సగం మాటలు గాలి పట్టుకుపోయింది.

మలుపు దగ్గర ఆగిపోయింది బండి.
ఒకసారి దగ్గింది.
మళ్ళీ.
మెట్ల మీద నా ఎడమకాలు
లేని క్లచ్‌ని నేలదాకా నొక్కింది.
పక్కన అన్సెల్మో కాలు కూడా.

నాలుగూ ఇరవై ఆరు.